తోక ఊడే నీళ్ళు

ఒక పెద్ద అడవిలో అందరికీ సెల్లులు పెద్దవి, బుర్రలే కాస్త చిన్నవి.

ఆ ఏటి ఎండలకి వాగులన్నీ ఎండి, పడమటి మడుగు ఒక్కటే మిగిలింది. దానిమీద అడవి ప్రెసిడెంటు నక్క గవరయ్య కన్ను పడింది. పొద్దున్నే గ్రూపులో మెసేజీ పెట్టాడు. ‘పడమటి మడుగు నీళ్ళు తాగితే తోక ఊడుద్ది. ఇదిగో ఫొటో. పదిమందికి పంపకపోతే చెవులు కూడా ఊడతాయి.’

ఫొటోలో కప్ప ఉంది. నిజమే, తోక లేదు.

ఇంకేముంది, చదవకముందే పంపేశారు. కోతులు తోకలు చంకలో పెట్టుకుని తిరిగాయి. దుప్పి రత్తమ్మ, బిడ్డకి నాలుక పిడచగట్టుకుపోతున్నా, దాన్ని మడుగు దగ్గర్నుంచి వెనక్కి ఈడ్చుకొచ్చింది.

"దాహమే అమ్మా!"

"ఓర్చుకోవే! తోక లేని పిల్లని ఎవడు చేసుకుంటాడే?"

కాకి చెట్టెక్కి అరిచింది. "ప్రెసిడెంటుగారి బావమరుదులు అక్కడే తాగుతున్నారర్రా! కడుపునిండా!"

గవరయ్యకి ఒళ్ళు మండింది. "ఇదంతా దుష్ప్రచారం! అబద్ధాన్ని పట్టుకోడం పిల్లలకి నేర్పాల్సిందే" అని బడి పెట్టించాడు. కాకి మాట నమ్మకుండా చేద్దామని ఆయన ఎత్తు. పంతులమ్మగా తాబేలు సూరమ్మని వేశాడు. దీని నడకకి పాఠం మొదలయ్యేసరికి వానలొస్తాయిలే అనుకున్నాడు.

సూరమ్మ నెమ్మదిగానే చెప్పింది. రోజుకి ఒక్క ప్రశ్న. ఎవరు చెప్పారు? ఎవరు చూశారు? నమ్మితే ఎవరికి లాభం? అంతే. ఆ మూడు రోజులూ అడవంతా దుంపలు నమిలి గొంతు తడుపుకుంది.

నాలుగో రోజు గవరయ్య తనిఖీకొచ్చాడు. దండ కూడా తనే తెచ్చుకున్నాడు.

"ఏదీ, పిల్లల చేత ఒక పాఠం చెప్పించు."

"దేనిమీదయ్యా?"

"నిజమంటే ఎట్టా ఉంటదో తెలియాలిగా! నా మెసేజీ మీదే కానియ్."

పందిపిల్ల పోలి లేచింది. "తోక ఊడటం ఎవరు చూశారండీ?"

"ఫొటో ఉందిగా!"

"అది కప్పండీ. దానికి తోకెక్కడిది?"

"చిన్నప్పుడు ఉండేది! ఊడిందా, లేదా?"

"అన్ని కప్పలకీ ఊడుద్దండీ. ఏ నీళ్ళు తాగినా."

గవరయ్య మెళ్ళో దండ సర్దుకున్నాడు.

"మేం తాగకపోతే లాభం ఎవరికండీ?" అంది రత్తమ్మ కూతురు, బొంగురు గొంతుతో.

జవాబు కోసం ఎవరూ ఆగలేదు. చూసొద్దాం పదండని మడుగుకి ఒకటే పరుగు. వెనకాలే తల్లులు. బావమరుదులు ఏడుగురూ నీళ్ళలో బోర్లా పడుకుని ఉన్నారు. ఏడు తోకలూ తేలుతున్నాయి. పోలి ఒక్కోటీ లాగి చూసింది. గట్టిగానే ఉన్నాయి.

దుప్పిపిల్ల మూతి ముంచింది. రత్తమ్మ మాత్రం బిడ్డ తోక వంకే చూస్తూ నిలబడింది. తోక ఆడుతోంది. తనూ మూతి పెట్టింది.

సాయంత్రానికి గవరయ్య ఇంకో మెసేజీ పెట్టాడు. ‘బడికెళ్తే కొమ్ములు మొలుస్తాయి.’

తెల్లారేసరికి దుప్పులన్నీ పిల్లల్ని బడి ముందు వరస కట్టించాయి. "మా దానికి కాస్త పెద్దవి మొలిపించు పంతులమ్మా!"

నీతి: అబద్ధంతో బతికేవాడు మడుగైనా మూయొచ్చు గానీ, బడి మాత్రం తెరవకూడదు.