ఉత్తుత్తి సెలవు

మధ్యాహ్నం బడిలో కూతురి నాటకం. అందులో ఆ పిల్లది చెట్టు వేషం. "ఈసారి కూడా రాకపోతే నీతో మాట్లాడను నాన్నా" అని పొద్దున్నే హెచ్చరిక జారీ అయింది. అందుకే ఆఫీసులో అందరూ 'హడావుడి' అని పిలిచే ఆ ప్రోగ్రామరు, కాఫీ సగంలోనే వదిలేసి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. సిబ్బందికి మేనేజరు పేరుతో నోటీసులు పంపే ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో లేదో చూసే టెస్టు ఒకటి రాసేస్తే ఇక బయటపడొచ్చు.

ఆ ప్రోగ్రాం తనంతట తాను నోటీసు పంపదు. మెయిలు పంపే కమాండును విడిగా నడిపించి, పనయిందా అని అడుగుతుంది. టెస్టులో అసలు కమాండు నడిస్తే కొంప మునుగుతుంది కనుక, అదే పేరుతో ఒక ఉత్తుత్తి కమాండు పెట్టాడు. "పంపేశానండీ" అనడం తప్ప దానికేమీ రాదు. ఎలాగూ బయటికి పోదు కదా అని మనసులో ఉన్నదే నోటీసుగా రాశాడు: "ఈ రోజు ఆఫీసుకు సెలవు. అందరూ వెంటనే ఇళ్లకు వెళ్లండి."

టెస్టు ఫెయిలైంది. ఉత్తుత్తి కమాండును ఎవరూ పిలవలేదని ఫిర్యాదు. కుర్చీలో కుదురు లేక టెస్టు మీట మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. నొక్కుతూనే ఉన్నాడు. సంచులు భుజాన వేసుకుని జనం కదులుతున్నారు.

"నువ్వు రావా గురూ?" అన్నాడు పక్కసీటాయన.

"నా పని తెమల్లేదు. మీరు టీ తాగి రండి."

కాసేపటికి మేనేజరు ఊడిపడ్డాడు. "ఏమయ్యా, నా పేరుతో నోటీసు మీద నోటీసు! ఎవడిచ్చాడు సెలవు? కాసేపట్లో కస్టమర్లు వస్తున్నారు!"

హడావుడి గబగబా ప్రోగ్రాము తెరిచి చూశాడు. అందులో ఉత్త పేరు బదులు, కంప్యూటరులో అసలు కమాండు ఉన్న చోటి చిరునామా పూర్తిగా రాసి ఉంది. పక్కనే ఉన్న ఉత్తుత్తిదాని వైపు అది కన్నెత్తి కూడా చూడలేదు. ముందు చిరునామా తీసేసి, పేరు మాత్రమే ఉంచి ఆ తప్పు దిద్దాడు. నోటీసును "సెలవు రద్దు" అని మార్చి, అదే టెస్టు నొక్కాడు.

"పంపేశానండీ" అంది స్క్రీను, పచ్చగా.

ఇద్దరూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. పురుగు కూడా రాలేదు. ఫోను మోగింది. అదే ఆఫీసు కింది అంతస్తులో లెక్కలు చూసే హడావుడి భార్య.

"ఏమండీ, ఎక్కడున్నారు? మన ఆఫీసు వాళ్లు సగం మంది పిల్లల నాటకానికని ఇక్కడ బడిలోనే ఉన్నారు. చెట్టు తలుపు వైపే చూస్తోంది!"

"రద్దు నోటీసు రాలేదా?"

"ఏం నోటీసు?"

అతను స్క్రీను వైపు చూశాడు. అతని మొహం మేనేజరు చూశాడు.

"సెలవేమో నిజంగా పంపి, రద్దు మాత్రం ఉత్తుత్తిగా పంపావా? లే! ఈ రోజుకి నీ మొహం నాకు చూపించకు! ఫో ఇంటికి!"

సంచి కూడా తీసుకోకుండా పరుగెత్తాడు. తలుపు దగ్గర నాన్న కనబడగానే చెట్టు కొమ్మలు రెండూ ఎత్తి ఊపింది.

మేనేజరు పేరుతో ఆ రోజు వెలువడిన సెలవుల్లో అధికారికమైనది అతనిదొక్కటే.