తరగని పస్తిర్మా

వెహ్బీకి సైకిలంటే ప్రాణం, అది గోడకు ఆనించి ఉన్నంతసేపు.

కైసెరి ఊళ్ళో తన వీధి కాఫీ కొట్టులో పాచికలు విసురుతూ, కుర్రతనంలో చేసిన సైకిలు యాత్రల గురించి గంటలకొద్దీ చెప్పేవాడు. పీఠభూమి మీద గొర్రెల మందలుంటాయి. మందకు కాపలా కుక్కలుంటాయి. వాటి మెడపట్టీలకు మేకులుంటాయి. అలాంటి కుక్క ఒకటి మీదికి దూకితే వెహ్బీ సైకిలు దిగకుండానే దాన్ని ఒక్క చూపు చూశాడట, అది తోక ముడుచుకుని పోయిందట. చెప్పిన ప్రతిసారీ ఆ కుక్క కొంచెం ఎదిగేది. ఈ మధ్య గాడిదంత అయింది.

రిటైరైన వసంతంలో ఒక ఉదయం దివాను మీద నుంచి లేచి చూసేసరికి వాకిట్లో రెండు సైకిళ్ళున్నాయి.

"ఎవరొచ్చారు?" అన్నాడు.

"రావడం కాదు, వెళ్ళడం," అంది భార్య సాబిహా, చక్రం గాలి నొక్కి చూస్తూ. "నువ్వూ నేనూ. మా సరస్సుకి."

వెహ్బీ వెనక్కి తిరిగి దివాను వైపు చూశాడు.

సరస్సు సంగతి పాతదే. పెళ్ళిమాటలకు వెళ్ళిన రోజున సాబిహా అతనికి ఆచారం ప్రకారం ఉప్పు కాఫీ ఇచ్చింది. ముఖం చిట్లించకుండా తాగినవాడే పెళ్ళికొడుకు. సాబిహా పుట్టింటివాళ్ళు దీనికి ఇంకో మెలిక పెట్టారు. అలా తాగినవాడు ఆ పూట పిల్ల ఏదడిగినా కాదనకూడదు. "మా ఊరి తొదుర్గే సరస్సు దాకా సైకిలు మీద వెళ్ళాలి," అందా పిల్ల. చిన్నప్పుడు అన్నదమ్ములు సైకిళ్ళేసుకుని సరస్సుకు పోతుంటే, ఆడపిల్లకు సైకిలేమిటని పెరట్లో దొంగచాటుగా తొక్కడం నేర్చుకున్న ఆమెను తండ్రి గుమ్మంలోనే ఆపేవాడు. వాళ్ళు సాయంత్రం తడి జుట్టుతో, నీళ్ళ వాసనతో తిరిగొచ్చేవాళ్ళు. ఆ వాసన ఆమె కలల్లోకి కూడా వచ్చేది. నోట్లో ఉప్పు మండుతుంటే వెహ్బీ, "దానికేం భాగ్యం, రేపే వెళదాం," అన్నాడు. ఆ రేపు ఇద్దరికీ జుట్టు నెరిసేదాకా రాలేదు.

ఇప్పుడు కాదంటే కాఫీ కొట్టులో పరువు పోతుంది. అవునంటే దివాను పోతుంది. ఆ దివాను కిటికీ పక్కనుంటుంది. మధ్యాహ్నం పూట దాని మీద పడే ఎండను వెహ్బీ ఏ యాత్రకూ మార్చుకోడు.

ఆలోచించగా ఆలోచించగా దారి దొరికింది. వద్దనాల్సింది తను కాదు, సాబిహా. కుక్కలు రెండుసార్లు తరిమితే "బాబోయ్, ఇంటికి పోదాం" అని ఆమే అంటుంది. తను పెద్దమనసుతో "సరే, నీ ఇష్టం" అంటాడు. పరువూ దక్కుతుంది, దివానూ దక్కుతుంది.

నేరుగా మాంసం కొట్టుకు వెళ్ళి మంచి పస్తిర్మా ముక్క కొన్నాడు. అంటే మెంతిపిండీ వెల్లుల్లీ ఎర్రకారం ముద్దగా పట్టించి గాలికి ఎండబెట్టిన మాంసం. కైసెరివాళ్ళకు తల్లిపాల తర్వాత అదే. తిన్నవాడు ఎంత రుద్దుకుని స్నానం చేసినా రెండు రోజులపాటు ఆ వాసన చెమటలోంచి వస్తూనే ఉంటుంది. పరాయి ఊళ్ళవాళ్ళు ముక్కు మూసుకుంటారు. కైసెరిలో మాత్రం ఊరంతా తినేవాళ్ళే కాబట్టి ఎవరి వాసన ఎవరికీ ఆనదు. ఆ పొట్లాన్ని సాబిహా సైకిలు వెనక సంచీలో, అడుగున, ఆమె ఉన్ని శాలువా కింద దాచిపెట్టి, వెహ్బీ హాయిగా ఈల వేసుకుంటూ బయల్దేరాడు.

పీఠభూమి ఆ రోజుల్లో నిద్రలో నవ్వుకుంటున్నట్టుంటుంది. గోధుమచేల నిండా గసగసాల ఎర్రపూలు. మేఘాల నీడలు గుట్టల మీదుగా తీరిగ్గా నడుస్తుంటాయి, వాటికీ ఎక్కడికీ తొందర లేదు. సాబిహా తలగుడ్డ గాలికి ఎగురుతోంది. ఆమె పాట లాంటిదేదో పెదవుల మధ్యే పాడుకుంటూ తొక్కుతుంటే, వెనకాల వెహ్బీ కళ్ళు తెరుచుకునే తన దివానును కలగంటూ తొక్కుతున్నాడు.

మొదటి మంద ఎదురైంది. రెండు కుక్కలు, నల్లమూతులవి, దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. వెహ్బీ సంతోషంగా దూరంగా ఆగిపోయాడు.

సాబిహా సైకిలు దిగింది. దాన్ని తనకూ కుక్కలకూ మధ్య అడ్డంగా నిలబెట్టి, చేతులు కిందికి వదిలేసి, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది. "కాపలా కాస్తున్నావా నాన్నా? కాయి, కాయి. నీ గొర్రెలు నాకెందుకు?" కుక్కలు సంచీని ఓసారి మూచూశాయి. కాపరి ఈల వేశాడు. అవి వెళ్ళిపోయాయి.

"భయమేయలేదా?" అన్నాడు వెహ్బీ నీరసంగా.

"వీటి మధ్యే పెరిగాను కదయ్యా. పరిగెత్తితే తరుముతాయి, నిలబడితే పలకరిస్తాయి. అయినా నీకు నేను చెప్పాలా? నువ్వు గాడిదంత కుక్కనే చూపుతో పడగొట్టినవాడివి."

పొట్లం మరీ గట్టిగా కట్టినట్టున్నానని వెహ్బీ అనుకున్నాడు. మర్నాడు తెల్లవారుతూనే, సాబిహా ఊటబావి దగ్గర ముఖం కడుక్కుంటుండగా, వాసన బయటికి రావాలని పొట్లం విప్పాడు. వాసన బయటికి వచ్చింది. వచ్చి వెహ్బీ ముక్కు పట్టుకుంది. చెడిపోలేదు కదా అని ఒక చిన్న ముక్క కోసి చూశాడు. చెడిపోలేదు. ఖాయం చేసుకోవడానికి ఇంకోటి తిన్నాడు.

ఆ పూట ఎండ ఎక్కింది, దారి కూడా ఎత్తు ఎక్కింది. వెహ్బీకి ధారగా చెమట. "అబ్బా, మోకాలు," అని మొదలుపెట్టగానే చేల అవతలి నుంచి మూడు కుక్కలు లేచాయి. అవి సాబిహా దగ్గరికి వచ్చాయి, ఆగాయి, గాలి పీల్చాయి. తర్వాత మూడూ కలిసి వెహ్బీ వైపు తిరిగాయి.

"దిగు! దిగి నిలబడు!" అని సాబిహా అరిచింది.

వెహ్బీ దిగలేదు. ఆ గుట్ట మీదికి ఎలా వెళ్ళాడో అతనికీ తెలీదు, సైకిలుకీ తెలీదు. మంద హద్దు దాటగానే కుక్కలు ఆగిపోయాయి. తను మాత్రం గుట్ట కొసన గాని ఆగలేదు. చాలాసేపటికి సాబిహా తీరిగ్గా తొక్కుకుంటూ వచ్చింది.

"మోకాలు నొప్పి అన్నావు?"

"ఏ మోకాలు?" అన్నాడు వెహ్బీ, ఊపిరి అందక.

"ఆ ఒక్క చూపు చూడకపోయావా?"

"ఎండ కళ్ళలో పడింది."

"ఎండ మన వీపు వెనకుంటే?"

వెహ్బీ మేఘాల వైపు తిరిగి, వాటి అందాన్ని మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత అదే వరస. ఒక మంద కుక్కలు అతన్ని తరిమి తరిమి ఇంకో మంద కుక్కలకు అప్పగించేవి. ఆ కుక్కలు మర్యాదగా అందుకుని ముందుకు సాగనంపేవి. సివాస్ దాటేసరికి వెహ్బీ పొట్ట లోపలికి పోయింది, ప్యాంటు జారడం మొదలైంది. దిగమని అరవడం సాబిహా మానేసింది. "వెళ్ళిరా, పైన కలుసుకుందాం," అని చెయ్యి ఊపేది. కుక్కలకు తన మీద ఏం పగో వెహ్బీకి అర్థం కాలేదు. ఆ దిగులు మరిచిపోవడానికి రోజూ తెల్లవారుతూనే ఆ సంచీలో చెయ్యి పెట్టేవాడు.

అందులో ఇంకో వింత ఉంది. ఎంత తిన్నా ఆ పస్తిర్మా తరగడం లేదు! నిన్న సగం చేసిన ముక్క ఇవాళ నిండుగా ఉండేది. అల్లా బరకత్తు, తరగని దీవెన అంటే ఇదేనని వెహ్బీ కళ్ళు చెమర్చాయి. అడుగు కనిపించని ఆ దయకు కృతజ్ఞతగా ఒక ముక్క ఎక్కువే తినేవాడు. ప్రతి ఊళ్ళోనూ సాబిహా "నువ్విక్కడే చెట్టు కింద పడుకో, ఉల్లిపాయలు తెస్తాను," అని ఒక్కతే దుకాణానికి వెళ్ళడం అతనికి బాగానే తెలుసు. ఇన్ని ఉల్లిపాయలు ఎక్కడికి పోతున్నాయని మాత్రం అతను అడగలేదు.

చివరి గుట్ట దగ్గర ఓపిక అయిపోయింది. వెహ్బీ సైకిలు దిగి రాయి మీద కూలబడ్డాడు. పరువు పోతే పోనీ అనుకున్నాడు.

"సాబిహా, నా వల్ల కాదు. వెనక్కి పోదాం. ఈ కుక్కలు నన్ను చంపేస్తాయి."

సాబిహా నవ్వలేదు. గుట్ట వైపు చూసింది. "దీని అవతలేనయ్యా," అంది మెల్లగా. "మా అన్నలు ఇక్కడి నుంచి అరిచేవాళ్ళు. ఆ అరుపు మా గుమ్మందాకా వినిపించేది."

వెహ్బీకి మొదటిసారి కొంచెం సిగ్గేసింది. అయినా కాళ్ళు లేవలేదు. లేవాల్సిన పని కూడా పడలేదు, ఎందుకంటే గుట్ట పక్క నుంచి నిజంగానే గాడిదంత కుక్క ఒకటి వచ్చింది.

కాఫీ కొట్టులో చెప్పిన కుక్క అదే. రంగుతో సహా. వెహ్బీ దాన్ని ఒక్క చూపు చూశాడు. అది పెదాలు నాకుతూ తిరిగి చూసింది. అంతే, సైకిలు మీద ఉన్నాడు, గుట్ట మీద ఉన్నాడు, గుట్ట దిగుతున్నాడు. కింద మొత్తం లోకం ఒక్కసారి నీలంగా విచ్చుకుంది. తెల్లని సుద్దగట్ల మధ్య సరస్సు, దాని మీద మేఘాలు, మేఘాల మధ్య కొంగలు. ఇది కలే అనుకున్నాడు వెహ్బీ. కలలో బ్రేకులు ఎందుకని వేయలేదు. సైకిలుతో సహా తిన్నగా నీళ్ళలోకి వెళ్ళిపోయాడు.

నడుం లోతు నీళ్ళలో లేచి నిలబడేసరికి కుక్క ఒడ్డున కూర్చుని తోక ఆడిస్తోంది. వెనకే కాపరి పరిగెత్తుకొచ్చాడు. వెంట సాబిహా.

"దుర్సున్, నువ్వేనా?" అంది సాబిహా. "చిన్నాన్నగారి అబ్బాయివి కదూ!"

"సాబిహక్కా! సైకిలు మీదా!" అన్నాడు దుర్సున్. తర్వాత నీళ్ళలో మనిషిని చూశాడు. "ఆయన బావా? బావా, బయటికి రావయ్యా, అది కరవదు. నువ్వు గుట్ట అవతల ఉండగానే మా మందకు పస్తిర్మా వాసన కొట్టింది. ఒళ్ళంతా పట్టించుకుని వచ్చావా ఏంటి?"

వెహ్బీ తన చేతిని వాసన చూసుకున్నాడు. ఏమీ రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అతని చేతికి వాసనంటూ ఎప్పుడొచ్చింది గనక! అప్పుడు వెలిగింది. తల ఎత్తి భార్య వైపు చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. శాలువా తీస్తే పొట్లం దొరికింది. పారేద్దామనుకున్నా. ఈలోగా నువ్వు గుట్ట ఎక్కావు." సాబిహా చెప్పులు విప్పుతోంది. "ముప్ఫై ఏళ్ళు బతిమాలితే కదలని మనిషివి, ఒక్క ముక్కతో కదిలావు. ఇక ముక్క తగ్గకుండా చూసుకున్నాను."

"ఉల్లిపాయలు..."

"ఏ ఉల్లిపాయలు?"

అంటూనే ఆమె నీళ్ళలోకి దిగింది. చీలమండలు మునిగాయి, మోకాళ్ళు మునిగాయి. అక్కడ ఆగిపోయింది. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని తలగుడ్డ తోసేసి జుట్టు మీద పోసుకుంది. ఆమె ముఖంలో నవ్వూ ఏడుపూ కలిసిపోయి, ఉప్పు కాఫీ తెచ్చిచ్చిన నాటి పిల్ల ముఖం కనిపించింది. ఇంత చిన్న కోరికను ఒక దివాను కోసం ఆపానని వెహ్బీకి అప్పుడు తట్టింది. ఏదో చెప్పాలనుకున్నాడు. తుమ్ము వచ్చింది.

సాయంత్రం ఒడ్డున దుర్సున్ పుల్లలు రాజేశాడు. సాబిహా చిన్న గిన్నెలో కాఫీ కాచింది. గాడిదంత కుక్క వెహ్బీ ఒళ్ళో తల పెట్టుకుని అతని చొక్కా నాకుతోంది. సరస్సు మీద ఎండ దివాను మీద ఎండలాగే పడుతోందని వెహ్బీ గమనించాడు.

"తిరుగు ప్రయాణం రైల్లోనే కదా?" అన్నాడు మెత్తగా.

సాబిహా కప్పు చేతికిచ్చింది. ఒక గుక్క తాగాడు. నాలుక మండిపోయింది. ఉప్పు! అప్పటికంటే ఒక చెంచా ఎక్కువే ఉంటుంది. సాబిహా కళ్ళార్పకుండా అతని ముఖమే చూస్తోంది. దుర్సున్ కూడా చూస్తున్నాడు. పుట్టింటివాళ్ళ మెలిక అతనికీ తెలుసు మరి.

వెహ్బీ ముఖం చిట్లించలేదు. కప్పు ఖాళీ చేసి బోర్లించాడు.

"ఎలా ఉంది?"

"అప్పట్లాగే ఉంది," అన్నాడు. "అడుగు, ఏం కావాలో."

"వెనక్కీ సైకిలు మీదే," అంది సాబిహా. "ఈ వాసనతో నిన్ను రైలెక్కించుకునేవాళ్ళు కూడా ఎవరూ లేరులే."

వెహ్బీ నిట్టూర్చి లేచాడు. కుక్కను పక్కకు జరిపి, తడిసిన సైకిలును గట్టుకు ఆనించి, చక్రంలో గాలి ఉందో లేదో నొక్కి చూశాడు.