గాలి మంచిది కాదు

మార్కాపురం పలకల మిషన్ల వీధి వాసులందరికీ తెలియజేయునదేమనగా, బ్రహ్మం ఇంట్లో బ్రూనో అనబడు కుక్క ఒకే పూట మూడుసార్లు తుమ్మినందున, ఆ ఇంటి గాలిని ప్రకృతిసిద్ధంగా శుద్ధి చేయాలని తీర్మానమైంది. ప్రతిపాదించినది బ్రహ్మం భార్య అరుణకుమారి. బలపరిచినది ఆమె సెల్‌ఫోను.

బ్రహ్మం తల్లి రాఘవమ్మ అదే ఇంట్లో మూడేళ్లుగా దగ్గుతోంది. అయితే దగ్గు ఆమెకు పాతది, తుమ్ము కుక్కకు కొత్తది. కొత్త అర్జీని ముందు చూడటం పెద్ద పెద్ద ఆఫీసుల్లోనూ ఉన్న పద్ధతి కాబట్టి రాఘవమ్మ కూడా ఏమీ అనుకోలేదు.

పనులు యుద్ధప్రాతిపదికన సాగాయి. గదికి నాలుగు చొప్పున మొక్కల కుండీలు దిగాయి. మూలమూలనా గిన్నెల్లో కోసిన ఉల్లిపాయలు, సోఫా కింద బొగ్గుల మూటలు, ఫ్రిజ్ మీద నిమ్మతొక్కలు, రాఘవమ్మ మంచం కింద వంటసోడా. మొక్కలు అంత కష్టపడి శుభ్రం చేసిన గాలి బయటికి పారిపోకుండా, బయటి పలకల దుమ్ము లోపలికి రాకుండా తొమ్మిది కిటికీలూ బిగించారు. ఇల్లంతా ఉల్లిపాయల కంపుతో పరమ స్వచ్ఛంగా తయారైంది. బ్రూనో మాత్రం ఇంత ప్రకృతిని తట్టుకోలేక, వీధి తలుపు సందులో ముక్కు పెట్టుకుని పడుకుంది.

రాఘవమ్మది పెద్దారవీడు. ఆరుబయట నులక మంచం మీద పెరిగిన మనిషి. రెండో రోజుకే ఆమెకు గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది.

"ఊపిరాడటంలే అరుణా, ఆ ఒక్క కిటికీ అన్నా తీయమ్మా," అంది.

"అట్ల తీస్తే పడిన కష్టమంతా పోతుందత్తా. ఫోన్లో ఏం చెప్పినారో చదివి వినిపించేదా?" అంది కోడలు, ప్రేమగానే.

కొడుకుని అడిగింది. "అరుణ చూసుకుంటాదిలే మా," అన్నాడు బ్రహ్మం, సోఫాలోంచి లేవకుండా.

మర్నాడు పనిమనిషి ఓబులమ్మ వచ్చి, "ఏందమ్మా, ఇల్లు ఇట్ల మూసి పెట్టినారు?" అని అడిగింది. అరుణకుమారి శాస్త్రీయంగా వివరించింది.

"ఇంట్లో గాలి మంచిది కాదు ఓబులమ్మా. ముందు కుక్కకు తగిలింది. మనుషులకు తగిలేదానికి ఎంతసేపు?"

ఓబులమ్మ చీపురు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆమెకు తెలిసిన గాలి ఒకటే. అది సోకితే మనుషులు జుట్టు విరబోసుకుని ఊగుతారు. అరగంటలో వీధి వీధంతా బ్రహ్మం గుమ్మం ముందుంది. ఎదురింటి పెద్దావిడ అక్తర్ బేగం ఒక్కతే ధైర్యం చేసి లోపలికి వచ్చి, ఉల్లిపాయలూ బొగ్గులూ నిమ్మతొక్కలూ కలయజూసింది.

"యా అల్లా! ఇన్ని చేసినా పోలేదంటే మొండి గాలే," అని నిర్ధారించింది. "ఇంతకీ ఎవురికి తగిలిందంట?"

అందరూ బ్రూనో వైపు చూశారు. అది మర్యాదగా తోక ఊపింది.

రాఘవమ్మ మంచం మీది నుంచి ఇదంతా వింటోంది. ఓబులమ్మ పొరపాటు ఆమెకు వెంటనే అర్థమైంది. దిద్దాలనే నోరు తెరిచింది కానీ దగ్గు తెర అడ్డొచ్చింది. ఆ దగ్గు తగ్గేలోపు మనసు మారింది. నెమ్మదిగా కొప్పు విప్పుకుంది.

"ఎవురనుకున్నారు నన్ను! ఊపిరాడక సచ్చినదాన్ని! తెరవండి కిటికీలు!"

బ్రహ్మం సోఫాలోంచి లేవగలడని ఆ రోజే రుజువైంది. తొమ్మిది కిటికీలూ నిమిషంలో తెరుచుకున్నాయి. నల్లమల వైపు నుంచి చల్లగా గాలి వచ్చింది, కాస్త పలకల దుమ్ముతో సహా. రాఘవమ్మ గుండెల నిండా పీల్చుకుంది. ప్రాణం లేచొచ్చింది.

"ఇంకేం కావాల తల్లీ?" అన్నాడు బ్రహ్మం, చేతులు కట్టుకుని.

కొడుకు ఆమెను ఆ మాట అడిగి ఎన్నేళ్లయిందో. ఆమెకు ఏడుపొచ్చింది. దయ్యం ఏడిస్తే బాగుండదని తమాయించుకుంది.

"ఆ ఉల్లిపాయలు పారేసి, ఈ ముసిలిదానికి ఇన్ని కాఫీ నీళ్లు పోయండి!"

ప్రస్తుతం ఆ ఇంటి గాలి ఆరోగ్యకరంగా ఉంది. ఘనత మొక్కలదేనని అరుణకుమారి అభిప్రాయం. కిటికీలు మూసినప్పుడల్లా ఆ గాలి తిరిగి వస్తోందనీ, వీధిలో మరో నలుగురు అత్తగార్లకు కూడా సోకిందనీ తాజా సమాచారం.

మీ ఇంట్లో పెద్దావిడకు ఇంకా సోకలేదా? సంతోషం. ఆమె మామూలుగా చెప్పిన మాట మీరు వింటున్నారనుకోవాలి. లేదంటే, ఈ సంగతి ఆవిడ చెవిన ఇంకా పడలేదన్నమాట.