కెమెరా ఇచ్చిన బిడ్డ

ట్రాఫిక్ కెమెరాను తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఈ లోకంలో మనల్ని అంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పండి? కట్టుకున్నవాళ్ళు చూస్తారా? కన్నపిల్లలు చూస్తారా? కొత్త చొక్కా వేసుకుని ఇంట్లో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగినా తలెత్తి చూసే దిక్కు లేదు నాకు. అదే కూడలిలో స్తంభమెక్కి కూర్చున్న ఆ ఒంటికన్ను మహాతల్లిని చూడండి! ఎండనక, వాననక, రెప్ప వేయకుండా చూస్తుంది. చూసి ఊరుకోదు, ఫొటో తీసి ఇంటికి పంపిస్తుంది.

నేనూ మా ఆవిడా ఈ మధ్య కలిసి దిగిన ఒకే ఒక్క ఫొటో కూడా అది తీసిందే, కార్లో. నేను రోడ్డు వైపు చూస్తున్నాను, ఆవిడ కిటికీ వైపు చూస్తోంది, ఇద్దరి మూతులూ ముడుచుకుని ఉన్నాయి. ఏ స్టూడియోవాడు మా సంసారాన్ని అంత నిజంగా తియ్యగలడు? జరిమానా కట్టేసి, ఫొటో దాచుకున్నాను. మర్యాద తెలిసినవాడు చేసే పని అదే.

అప్పీలు అనే అప్రతిష్ఠ పనికి పూనుకున్నది మా వదిన.

మా వదిన పిల్లల బట్టలు కుట్టే టైలర్. ఊళ్ళో సగం మంది పిల్లల నడుం కొలతలు ఆవిడకు నోటికొచ్చు. ఆవిడకూ అన్నయ్యకూ మాత్రం పిల్లలు లేరు. చేయించుకోవలసిన వైద్యాలన్నీ చేయించుకుని, వినవలసిన మాటలన్నీ విని, చివరికి దత్తతకు దరఖాస్తు పెట్టుకున్నారు. దత్తత ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి ఇల్లంతా చూసింది. మెట్ల దగ్గర అడ్డం పెట్టమంటే పెట్టించారు. గ్యాసు బండ బయటికి మార్చమంటే మార్చారు. ఏళ్ళు గడిచాయి. ఈ మధ్యే ఫోను వచ్చింది, వంతు దగ్గర పడిందని. అప్పటినుంచి వదిన కాలు నేల మీద నిలిస్తే ఒట్టు.

సరిగ్గా అప్పుడే మహాతల్లి కన్ను ఆవిడ మీద పడింది.

షాపులో వదినకు ఒక బొమ్మ ఉంది. అయిదేళ్ళ పిల్లంత ఎత్తు, ప్లాస్టిక్కు ఒళ్ళు, గిరజాల జుట్టు, ఎవరో పెన్సిలు లాక్కుపోయినట్టు ఎప్పుడూ అలిగే ఉండే మొహం. సగం కుట్టిన గౌనును దానికి తొడిగి, ఖాతాదారు ఇంటికి తీసుకెళ్ళి చూపించి వస్తుంది. వెనక సీటు నిండా బట్టల మూటలు కావడంతో ఆ రోజు బొమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టింది. బెల్టు పెడితే కుచ్చిళ్ళు నలుగుతాయి కదా! పెట్టలేదు.

మర్నాడే నోటీసు. చిన్నపిల్లను బెల్టు లేకుండా ముందు సీట్లో కూర్చోబెట్టి ప్రాణానికి ముప్పు తెచ్చారట.

ఫొటో చూసి వదిన నవ్వింది. అన్నయ్య నవ్వాడు. నేనైతే పొట్ట పట్టుకుని నవ్వాను. సాయంత్రానికి దత్తత ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. చిన్నపిల్ల భద్రతకు సంబంధించిన కేసు మీ మీద నమోదైనందున మీ ఫైలు నిలిపివేయడమైనది, అని.

ఎంత సమన్వయం చూడండి! మా వీధిలో రోడ్డు వేసే ఆఫీసుకీ, అదే రోడ్డు తవ్వే ఆఫీసుకీ ఇన్నేళ్ళుగా మాటల్లేవు. మా వదిన విషయంలో మాత్రం రెండు ఆఫీసులు ఒక్క పూటలో మాట్లాడుకున్నాయి. అయినా మనవాళ్ళకు కృతజ్ఞత ఉంటేనా? వదిన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "బొమ్మ అని చెప్తే అయిపోతుందిగా" అని అన్నయ్య నచ్చజెప్పాడు. పాపం, నిజం చెబితే అయిపోతుందనుకునే తరం వాడు.

విచారణ రోజున బొమ్మను దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళాం. ఈసారి వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి మరీ తీసుకెళ్ళాం. దారిలో అదే కూడలి ఉంది మరి!

విచారణాధికారి మంచివాడు. ఈ కథలో చెడ్డవాడంటూ ఎవడూ లేడు, అదే దీనితో వచ్చిన చిక్కు. వదిన బొమ్మను ఆయన బల్ల మీద నిలబెట్టింది.

"ఆ ఫొటోలో పిల్ల ఇదేనండీ."

ఆయన వేలి కణుపులతో దాని నెత్తి మీద టకటకా కొట్టి చూశాడు. "బొమ్మే" అన్నాడు.

"బొమ్మేనండీ."

"మరి బ్రేకు వేసినప్పుడు చెయ్యి అడ్డం పెట్టారేంటమ్మా?" అంటూ స్క్రీను మా వైపు తిప్పాడు. నిజమే. ఫొటోలో వదిన ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి బొమ్మ కడుపు మీద ఉన్నాయి.

"గుండుసూదులండీ. ఊడి పడతాయని."

"ఎవరు చూసినా తల్లి చెయ్యనే అనుకుంటారు" అన్నాడాయన. వెటకారంగా అనలేదు. వదిన బొమ్మ గౌను సర్దుతూ కూర్చుంది.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నానమ్మా. కానీ ఇందులో కొట్టాలి కదా" అని ఆయన కంప్యూటరు చూపించాడు. అందులో మూడే జవాబులున్నాయి. అప్పుడు కారు నడిపింది నేను కాదు. ఆ పిల్ల నా పిల్ల కాదు. తప్పు ఒప్పుకుంటున్నాను.

"ఇది అసలు పిల్లే కాదు అని లేదా సార్?" అన్నాను.

"లేదండీ. తయారుచేసినవాళ్ళకు ఆ ఆలోచన రాలేదు."

"పోనీ, నా పిల్ల కాదని నొక్కండి" అంది వదిన.

"నొక్కితే, మరి ఎవరి పిల్ల, మీ కార్లో ఎందుకుంది అని అడుగుతుంది. అది పోలీసుల దగ్గరికెళ్తుంది. నా మాట విని ఒప్పేసుకోండమ్మా. ఓ పూట క్లాసుకెళ్తే కేసు పోతుంది, మీ ఫైలు కదులుతుంది."

వదిన నా వైపు చూసింది. లోకజ్ఞానం ఉన్నవాణ్ణి కదా, తలూపాను.

ఒప్పుకోవడానికి ఒకే ఒక్క గడి నింపాలి. పిల్ల పేరు. ఖాళీగా వదిలేస్తే ముందుకు వెళ్ళదు. ఏదో ఒకటి కొట్టేస్తుందనుకున్నాను. వదిన కీబోర్డు మీద చేతులు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఎవరినీ అడగకుండా ఒక పేరు కొట్టింది. ఆ పేరు ఇక్కడ రాయను. పెళ్ళయిన కొత్తలో వాళ్ళిద్దరూ అనుకుని, ఇన్నేళ్ళుగా నోటితో అనకుండా దాచుకున్న పేరది. నాకు తెలుసని కూడా వదినకు తెలియదు.

వదిన క్లాసుకు వెళ్ళింది. పిల్లల తల్లుల మధ్య కూర్చుని, పిల్లను సీట్లో ఎలా కూర్చోబెట్టాలో, బెల్టు ఎలా బిగించాలో శ్రద్ధగా నేర్చుకుంది. బాధ్యత గల తల్లి అని సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. నిజం చెబితే కదలని ఫైలు, అబద్ధం ఒప్పుకోగానే కదిలింది. ఇక కెమెరాను తిట్టే నోళ్ళు మూతపడాలా, వద్దా?

ఫైలు కదిలిందంటే కదిలింది. ఎటు కదిలిందనేది మెసేజ్ వచ్చాక తెలిసింది. మీకు ఇదివరకే ఒక బిడ్డ ఉన్నట్లు రికార్డుల్లో ఉన్నందున, బిడ్డలు లేని దంపతుల జాబితా నుంచి మిమ్మల్ని తొలగించి వేరే జాబితా చివరన చేర్చడమైనది. కింద, అభినందనలు.

ఏ వైద్యుడూ ఇవ్వలేని బిడ్డను కెమెరా ఇచ్చింది! కానుపు లేదు, నొప్పులు లేవు, పాల డబ్బా ఖర్చు లేదు.

బిడ్డ లేదని రాయించడానికి మళ్ళీ అప్పీలు పెట్టాం. జవాబు ఫోనుకే వచ్చింది. నమోదైన బిడ్డను రికార్డు నుంచి తొలగించడానికి ఒకే మార్గం ఉందట. బిడ్డ చనిపోయినట్లు తల్లి ధ్రువీకరించాలి. ఎదురుగా పేరు, పేరు పక్కన చిన్న గడి. అందులో టిక్కు పెడితే మళ్ళీ పాత జాబితాలోకి, పాత స్థానంలోకి.

వదిన ఆ గడిని చూస్తూ కూర్చుంది.

"బొమ్మే కదా వదినా, పెట్టేయ్" అన్నాను.

"పెట్టడానికి చెయ్యి రావట్లేదు మరిదీ. నువ్వు పెట్టు" అని ఫోను నా చేతిలో పెట్టింది.

ఫోను తీసుకున్నాను. పేరు చూశాను. అంత పెద్ద కెమెరా భక్తుణ్ణి, నాకూ వేలు ఆడలేదు. అన్నయ్యకిచ్చాను. అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి, ఫోనును బల్ల మీద బోర్లించాడు.

గడువు శుక్రవారం దాకా ఉంది. పాఠకుల్లో ఆ కెమెరాకు చుట్టాలెవరైనా ఉంటే, దానంత గుండె గట్టివాళ్ళెవరైనా ఉంటే, దయచేసి మా ఇంటికొచ్చి ఆ ఒక్క టిక్కు పెట్టి వెళ్ళండి.