తల ఊపిన పాపానికి

ఆ రోజు ఉదయం జాగ్రత్తగారు పెట్టుకున్న పని ఒక్కటే. చెక్క కోయడం.

ఒక చెక్క కోయడానికి ఇంత ఉపోద్ఘాతమా అనిపించవచ్చు. కానీ ఆ ఒక్క కోత కోసం ఆయన ఎనిమిది నెలలుగా సిద్ధమవుతున్నారు. కాగితం మిల్లులో ముప్ఫై ఏళ్ళు భద్రతాధికారిగా పనిచేసి విరమించిన మనిషి. ఎవరు ఎదురుపడినా ముందు "జాగ్రత్త" అని, ఆ తర్వాతే "బాగున్నారా" అని అడుగుతారు. దాంతో మిల్లువాళ్ళు పెట్టిన పేరు ఆయనతోపాటు ఇంటికి కూడా వచ్చేసింది.

ఎనిమిది నెలల క్రితం ఆయన భార్య వంటింట్లో పై అర అందక ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, కుర్చీతో సహా కిందికొచ్చింది. మణికట్టు బెణికింది. కట్టు మూడు వారాలకే విప్పేశారు గానీ ఆయన గుండెదడ మాత్రం తగ్గలేదు. "నీకు ఒరగని, జారని మెట్లపీట నా చేత్తో నేనే చేసిస్తా. అప్పటిదాకా పై అర జోలికి వెళ్ళకు" అన్నారు. కారు అమ్మేశాక ఖాళీగా పడున్న షెడ్డులోకి కోతమిషను వచ్చింది. దాని వెనకే కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు, చెవులకు డొప్పలు, రెండు ఇసక బకెట్లు, మంటలార్పే సిలిండరు వచ్చాయి. నేలమీద పసుపు గీత పడింది. గోడమీద బోర్డు లేచింది, బోర్డు మీద ఇరవై ఒక్క నిబంధనలు. పీట మాత్రం ఇంకా పుట్టలేదు. భార్య ఆయన కంటపడకుండా అదే కుర్చీ ఎక్కుతోంది.

ఆ నిబంధనల్లో పంతొమ్మిదోది ఇలా ఉంటుంది: మిషను తిరుగుతున్నప్పుడు ఎవరు వచ్చినా పసుపు గీత దాటకూడదు. గీత దగ్గర నిలబడి చెయ్యి ఊపాలి. జాగ్రత్తగారు తల ఊపుతారు. తల ఊపితే "మిమ్మల్ని చూశాను, ఆగండి" అని అర్థం.

చిక్కేమిటంటే ఇరవై ఒక్క నిబంధనలూ చదివిన మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కరే. మిగతా లోకానికి తల ఊపడమంటే "సరే" అనే.

కొత్త మిషనును మొదటి కోతకు ముందు కాసేపు ఖాళీగా తిప్పి, మోత సరిగా ఉందో లేదో వినాలని ఆయన నియమం. మోత వినడానికి నిలబడ్డ మనిషి ఏమీ వినపడకుండా చెవులకు డొప్పలు పెట్టుకున్నారు. అదీ ఆయన నియమమే.

ఏడున్నరకు భార్య గీత దగ్గరకొచ్చి చెయ్యి ఊపింది.

"ఏమండీ! అక్క ఫోన్ చేసింది. పది రోజులు మనింట్లో ఉండాలనుందట. మీరు ఊఁ అంటేనే వస్తానంటోంది. రమ్మననా?"

జాగ్రత్తగారు తల ఊపారు.

భార్యకు తన కళ్ళను తనే నమ్మబుద్ధి కాలేదు. ఆవిడ అక్కకూ ఈయనకూ ఆరేళ్ళుగా మాటల్లేవు. ఈ ఇంట్లోకి మారిన రోజు పన్నెండుమంది అతిథుల ముందు వదినగారు కుర్చీలో కూర్చోబోతుంటే ఈయన గది అవతలి నుంచి "ఆగండాగండి! ఆ కుర్చీ మోయదు!" అని కేకేశారు. వదినగారు కాస్త భారీ మనిషి. నవ్వకూడదని ఎంత బిగబట్టుకున్నా పన్నెండుమందీ నవ్వేశారు. ఆవిడ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. అంత మాట ఎందుకన్నారని భార్య నిలదీస్తే, "ప్రమాదం ఉందని చెప్పినందుకు ముప్ఫై ఏళ్ళలో ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు" అని ఈయన ముఖం తిప్పుకున్నారు. అప్పట్నుంచి అక్కచెల్లెళ్ళిద్దరూ ఫోన్లోనే గుసగుసలాడుకుంటున్నారు.

"నిజంగానే రమ్మననా?" అని ఆవిడ మళ్ళీ అడిగింది.

ఈవిడ ఇంకా ఇక్కడే ఉందేమిటని జాగ్రత్తగారు ఈసారి మరింత గట్టిగా ఊపారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ దగ్గరకు పరుగెత్తింది.

ఎనిమిదిన్నరకు పక్కవీధి బడి ప్రధానోపాధ్యాయురాలు వచ్చారు. "పిల్లలకి జాగ్రత్తల గురించి మీరైతేనే బాగా చెబుతారండీ. పదకొండింటికి ఓ ముప్ఫైమందిని తీసుకొస్తా. ఏదైనా కోసి చూపిస్తే ఇంకా సంతోషం. ఇబ్బందేం లేదుగా?"

జాగ్రత్తగారు తల ఊపారు. ఇంత సులువుగా ఒప్పుకుంటారని అనుకోని పంతులమ్మగారు రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయారు.

తొమ్మిదింటికి పాతసామాన్లు కొనేవాడు గేటు తోసుకుని వచ్చి, గోడకు ఆనించిన చెక్క వైపు చూపిస్తూ, "పనికిరానిదేనా సార్? పట్టుకుపోనా?" అన్నాడు.

ఎనిమిది నెలలు నీడపట్టున ఆరబెట్టి, మూడు రంగుల పెన్సిళ్ళతో గీతలు గీసి, పీట కోసం దాచిన చెక్క అది. ఇంట్లో ఉన్న చెక్కల్లా అదొక్కటే. జాగ్రత్తగారు మిషను మీంచి చూపు తిప్పకుండా తల ఊపారు.

పదిన్నరకు మిషను ఆపి, డొప్పలు తీసి, "ఇక కోద్దాం" అని వెనక్కి తిరిగితే గోడ ఉంది, చెక్క లేదు. షెడ్డంతా గాలించారు. ఇసక బకెట్ల వెనక కూడా చూశారు, ఆరడుగుల చెక్క అక్కడ పట్టదని తెలిసి కూడా.

"ఏమోయ్! నా చెక్క ఏదీ?" అంటూ ఇంట్లోకి వెళ్ళబోయే సరికి గేటు ముందు పిల్లల గోల వినిపించింది. ముప్ఫైమంది వరసగా నిలబడి "నమస్తే తాతగారూ!" అని ఒక్క గొంతుతో అరిచారు. వెనక పంతులమ్మగారు నవ్వుతున్నారు. ఎందుకొచ్చారో ఆయనకు అంతుబట్టలేదు. అడిగేలోపే ఒక చిన్న ట్రక్కు వచ్చి వాకిట్లో ఆగింది. డ్రైవరు పక్క సీట్లోంచి వదినగారు దిగారు.

జాగ్రత్తగారు కొయ్యబారిపోయారు. భార్య ఇంట్లోంచి పరుగున వచ్చి అక్కను వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. ముప్ఫైమంది పిల్లలు అది కూడా పాఠంలో భాగమేననుకుని శ్రద్ధగా చూశారు.

వదినగారు మరిది ముఖం చూడకుండా చెల్లెలితోనే అన్నారు. "మీ ఆయన చెక్కపని మొదలెట్టాడన్నావుగా. మా అడితిలోంచి నాలుగు మంచి పలకలు తెచ్చాను. దింపించుకోమను."

ఆవిడది కలప అడితి. భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా తనే నడుపుతున్నారు.

పలకలు దిగాయి. ఇవన్నీ ఎందుకు జరుగుతున్నాయో జాగ్రత్తగారికి బోధపడలేదు గానీ ఎదురుగా ముప్ఫైమంది శ్రోతలు, పక్కన చెక్క ఉన్నాక ఆయన నోరు ఆగలేదు. పిల్లల్ని షెడ్డు బయటే నిలబెట్టి ఒకటో నిబంధన నుంచి మొదలుపెట్టారు. తొమ్మిదోదానికి కొందరు ఆవులించారు. పద్నాలుగోదానికి పంతులమ్మగారు ఆవులించారు. పంతొమ్మిదోది వచ్చింది.

"మిషను దగ్గర నాకు ఒక్క ముక్క వినపడదు. నేను తల ఊపితే చూశాను, ఆగండి అని మాత్రమే అర్థం. అర్థమైందా?"

పంతులమ్మగారి ఆవులింత సగంలో ఆగింది. "అయితే పొద్దున నేనడిగింది..."

"మీరు పొద్దున వచ్చారా?"

పిల్లలు పకపకా నవ్వారు. చెక్క ఎలా పోయిందో కూడా జాగ్రత్తగారికి అప్పుడే లీలగా తట్టింది. ఇంతలో ఆయన చూపు భార్య మీద పడింది. ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అంటే... నేను అడిగింది కూడా మీకు వినపడలేదా?"

వదినగారు పెట్టె పట్టుకుని ఇంటి గడపలో నిలబడి ఉన్నారు. లోపలికి వేయబోయిన అడుగు ఆగిపోయింది. పెట్టె పట్టుకున్న చెయ్యి ట్రక్కు వైపు తిరగడానికి సిద్ధంగా ఉంది.

ముప్ఫై ఏళ్ళలో ఒక్క ప్రమాద నివేదికలోనూ ఒక్క అబద్ధపు అక్షరం రాయని జాగ్రత్తగారు గొంతు సవరించుకున్నారు.

"నీది వినపడింది."

"డొప్పలు పెట్టుకుని కూడానా?"

"నీ గొంతుని ఆపే డొప్పలు ఇంకా ఎవరూ తయారుచేయలేదు."

గడపలోంచి చిన్న నవ్వు వినిపించింది. "అది నిజమే. పుట్టినప్పట్నుంచి దీని గొంతు అంతే" అని గాలితో అన్నారు వదినగారు. పెట్టె ఇంట్లోకే వెళ్ళింది.

అక్కడితో గండం గట్టెక్కిందనుకున్నారు. కానీ పిల్లలు వదలలేదు. "కోసి చూపించండి తాతగారూ!" అని పట్టుబట్టారు. జాగ్రత్తగారు పలక తీసుకుని మిషను మీద పెట్టారు, కొలిచారు, తీశారు, మళ్ళీ కొలిచారు. నుదుట చెమట పట్టింది. ఎనిమిది నెలల్లో తను ఒక్క పుల్ల కూడా కోయలేదన్న సంగతి ఆయనకు ఆ క్షణంలో చాలా స్పష్టంగా గుర్తొచ్చింది.

"ఏమే, మీ ఆయన్ని కాస్త జరగమను" అంటూ వదినగారు వచ్చేశారు. "ఇలాంటివి రోజుకి వంద చూస్తాను." భుజం మీద శాలువా వేలాడుతుండగానే స్విచ్ మీదకు చెయ్యి చాపారు.

"ఆగండాగండి!"

ఆరేళ్ళ క్రితం కేక అదే. అప్పుడు పన్నెండుమంది, ఇప్పుడు ముప్ఫై ఒక్కమంది. భార్య కళ్ళు గట్టిగా మూసుకుంది.

వదినగారు నిదానంగా చెల్లెలి వైపు తిరిగారు. "ఏమంటాడే?"

జాగ్రత్తగారు స్విచ్‌కు అడ్డంగా నిలబడ్డారు. ఈసారి కేకతో ఆపలేదు. "శాలువా తీసి పక్కన పెట్టండి వదినగారూ. కొస ఆ పళ్ళకి చిక్కిందంటే మనిషిని లాగేస్తుంది. ఈ అద్దాలు కూడా పెట్టుకోండి. చెక్కలో ముడి ఎక్కడుంటుందో చెప్పలేం, ఎగిరితే కన్ను పోతుంది. పెట్టుకుంటే మీరే కోయండి. పెట్టుకోకపోతే మీరు మళ్ళీ ఆరేళ్ళు మాట్లాడకపోయినా సరే, నేను స్విచ్ వేయనివ్వను."

ఎవరూ నవ్వలేదు. వదినగారు శాలువా తీసి చెల్లెలి చేతిలో పెట్టారు. అద్దాలు పెట్టుకుంటూ, "ఇరవై ఏళ్ళలో ఇవి లేకుండా నా కళ్ళేం పోలేదు" అని గొణిగారు.

మిషను తిరిగింది. వదినగారి చేతిలో పలక వెన్నలా ముందుకు జరిగింది. సగం కోత అయిందో లేదో, "టక్" మని ఒక చప్పుడు. జాగ్రత్తగారు ఒక్క ఉదుటున స్విచ్ ఆపేశారు.

వదినగారు అద్దాలు తీసి చూశారు. ఎడమ కంటి అద్దం మీద నక్షత్రంలా బీట. కాళ్ళ దగ్గర రేగిపండంత ముడి పడి ఉంది. ఆవిడ అద్దాన్ని చూశారు, ముడిని చూశారు. తర్వాత ఆరేళ్ళలో మొదటిసారి నేరుగా ఆయన వైపు తిరిగారు.

"మరిదిగారూ, ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. ఆ రోజు ఆ కుర్చీ నిజంగా విరిగేదా?"

"విరిగేదే. వెనక కాలు నిలువునా చీలి ఉంది. మీరు కాదు, ఈ పిల్లల్లో ఎవరు కూర్చున్నా విరిగేది. మర్నాడే విరగ్గొట్టి పారేశాను."

"ఆ ముక్క అప్పుడే ఏడవొచ్చుగా!"

"కాలు... అనేలోపు మీరు కారెక్కేశారు."

"తర్వాత ఆరేళ్ళున్నాయిగా!"

"నాకు పౌరుషం ఎక్కువ" అని జాగ్రత్తగారు తల దించుకున్నారు. "నాకు తక్కువేం కాదు" అన్నారు వదినగారు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి భార్య, "మీ ఇద్దరి మధ్య నా ఆరేళ్ళు గంగపాలు" అని శాలువాతోనే కళ్ళు తుడుచుకుంది. పంతులమ్మగారు పిల్లల చేత చప్పట్లు కొట్టించారు. పాఠం బాగా జరిగిందన్నారు.

సాయంత్రానికల్లా పీట తయారైంది. కోతలన్నీ వదినగారివి. కొలతలు, నునుపు పట్టడం, ఒక్కో మెట్టునూ పదిసార్లు ఊపి చూడటం జాగ్రత్తగారివి. భార్య దానిమీద ఎక్కి పై అరలోని డబ్బాలన్నీ ఒక్కొక్కటే దింపి, మళ్ళీ ఒక్కొక్కటే సర్దింది. అవసరమేమీ లేదు, ఊరికే. పీట కదల్లేదు. అయినా కింద ఒకవైపు భర్త, ఒకవైపు అక్క దాన్ని గట్టిగా పట్టుకునే నిలబడ్డారు.

పది రోజులూ ఇట్టే గడిచాయి. పదకొండో రోజు వదినగారు బయల్దేరుతూ, "ఆరేళ్ళ బాకీ. చెల్లెల్ని ఓ పది రోజులు నాతో తీసుకెళ్తా" అన్నారు. జాగ్రత్తగారు సీటు బెల్టు సరిగా పడిందో లేదో చూసి, డ్రైవరుకు నాలుగు జాగ్రత్తలు చెప్పి, ఇద్దరినీ సాగనంపారు.

షెడ్డులో ఈనాటి వరకు ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. ఆ మధ్యాహ్నం వంటింట్లో మాత్రం పాలగిన్నె దించబోయి జాగ్రత్తగారు రెండు చేతుల వేళ్ళూ కాల్చుకున్నారు. పట్టకారు ఎక్కడుంటుందో ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఎప్పుడూ అడగలేదు.