ఎదువీనా తల్లిపిండి

ఆ ఆదివారం సాయంత్రం కాబోయే వియ్యపురాలు లియోంటీనా టీకి వస్తోంది. అందుకని ఎదువీనా మధ్యాహ్నమే రొట్టెకు పిండి కలిపిపెట్టి, పూజకు చర్చికి వెళ్లొద్దామనుకుంది. చిలీ దేశపు వల్పరాయిసోలో వాళ్ల కొండమీద ఎదువీనా రొట్టెలకు మంచి పేరుంది. కానీ అవి ప్యాకెట్ ఈస్ట్ వేసి చేసేవి. పిండీ నీళ్లూ కలిపి దానంతటదే పులియనిచ్చిన తల్లిపిండితో చేస్తేనే రొట్టె అనీ, తక్కినదంతా దూది అనీ లియోంటీనా ఫోన్లో చెప్పింది. "మా ఇంట్లోనూ అంతేనండీ" అనేసింది ఎదువీనా.

అన్నాక తప్పుతుందా? సీసాలో తల్లిపిండి కలిపి, వారంపాటు దానికి రోజూ కొత్త పిండీ నీళ్లూ మేతగా పెట్టింది. అది పోస్టర్లంటించే జిగురులా పడి ఉందే గాని ఒక్క బుడగైనా వేయలేదు. ఆదివారం మధ్యాహ్నం దాన్నే బేసిన్లో పిండితో కలిపి, చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని ఒక చెంచా ఈస్ట్ వేసింది. గుడ్డ కప్పి, భర్త నోల్బెర్తోతో చర్చికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి పిండి గుడ్డను నెట్టేసి, పొయ్యి దాటి, చెంచాల సొరుగు నింపి, నోల్బెర్తో చెప్పుల్లోకి దిగుతోంది. అత్తగారు సునీల్దా కాళ్లు పైకి పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

"పిండి లేచిందే అమ్మాయ్" అందావిడ.

"నేను వేసింది ఒక్క చెంచాయే అత్తయ్యా."

నోల్బెర్తో గొంతు సవరించుకున్నాడు. "నువ్వు తయారవుతుండగా నేనూ ఒకటి వేశాలే. నీ దిగులు మొహం చూడలేకపోయాను."

"నేను చెంచాలతో కొలవలేదురా" అంది తల్లి. "ప్యాకెట్టంతా వేశా. పంచదార కూడా."

అప్పుడే తలుపు చప్పుడైంది. లియోంటీనా గంట ముందే వచ్చేసింది.

కొండ లిఫ్టు నడిపి రిటైరైన నోల్బెర్తో ఆవిణ్ణి ముందుగదిలో కూర్చోబెట్టి, ఆ లిఫ్టు చరిత్ర మొదటి బోల్టు నుంచీ మొదలుపెట్టాడు. ఈలోగా అత్తాకోడళ్లు పొంగిపారినది తుడిచేసి, బేసిన్లో మిగిలిన పిండిని ఉండలు చేసి ఓవెన్లో పెట్టారు. అవి దిండ్లలా పొంగాయి. లియోంటీనా అవకాడో ముద్ద రాసుకుని నాలుగు తింది. తర్వాత ప్లేటు పట్టుకుని వంటింట్లోకొచ్చి తలుపు మూసింది. పిల్లల పెళ్లి చెడిందనుకుంది ఎదువీనా.

"వదినగారూ, నిజం చెప్తున్నా, ఎవరితోనూ అనకండి. నా పిండి ఇంతవరకూ ఒక్కసారీ లేవలేదు. మావాళ్లకు బేకరీ రొట్టె కొనిపెడుతున్నా. మీ తల్లిపిండి కాస్త ఇవ్వరూ?"

ఎదువీనా అలమరలోంచి ఇంకో ఈస్ట్ ప్యాకెట్ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. లియోంటీనా దాన్ని చూసి, ఎదువీనాను చూసి, చేతిసంచీలో వేసుకుంది.

ఆవిడ వెళ్లేటప్పుడు ఎదువీనా ఒక్కటే అడిగింది: "మీ ఇంట్లో వంటింటివైపు వచ్చేవాళ్లు ఎంతమంది?"