వర్నన్ పికెట్ మూతప్రతిజ్ఞ

ఎండిన గడ్డిమైదానాలను దాటి వచ్చే ఉత్తరపుగాలి మనుషుల చెవులు కోసి చేతికిచ్చే నవంబరు మాసమున, ఓక్లహోమా రాష్ట్రమధ్యమున, గోధుమ గాదెలే గోపురాలుగా వెలుగొందే డన్‌మోర్ పట్టణమున, విశ్వవిద్యాలయ క్రీడారంగానికి దక్షిణపార్శ్వమున గల కంకర పార్కింగ్ స్థలంలో, శనివారపు సూర్యుడు ఇంకా కళ్ళు నులుముకుంటుండగానే, ఏనాడూ బంతి ముట్టనివారూ, ముట్టినా పట్టనివారూ, పట్టినా పరుగెత్తలేనివారూ అయిన మహావీరులం మేమంతా ట్రక్కుల వెనకతలుపులు దించి, మడతకుర్చీలు విప్పి, బీరుపెట్టెల్లో మంచు నింపి, యుద్ధసన్నద్ధులమై కూర్చున్నాం. ఆట సాయంత్రమే అయినా, పొద్దున్నే వచ్చి స్టేడియం బయట వండుకు తినడం మా ఆచారం.

మా కాలేజీ ఫుట్‌బాల్ సేనకు ఏదుపందులని పేరు. అరివీరభయంకరమైన ముళ్ళతో శత్రుమూకలను చీల్చి చెండాడునని పూర్వులు పెట్టుకున్న నామధేయమది. ఈ ఏడాది ఆ ముళ్ళు లోపలివైపుకు మొలిచినట్టున్నాయి, గుచ్చుకుంటున్నది మాకే. ఒక్కటంటే ఒక్క ఆట గెలిచాం. అదీ అవతలివాళ్ళ బస్సు దారిలో చెడిపోయి, ఆటగాళ్ళే దాన్ని తోసుకుంటూ వచ్చిన రోజున. ఇక ఈ సాయంత్రం మా మీదకు దండెత్తి వస్తున్నది పొరుగు కాలేజీ వాళ్ళు, తరతరాల వైరులు, కంచరగాడిదలు.

అట్టి విషమఘడియలో, శిబిరమధ్యమున, చమురుగొట్టం ముక్కను కోసి వెల్డింగ్ చేయించిన నల్లని పొగపొయ్యి పక్కన, ధూమధూసరితశిరోజుడు, పట్టకారుపాణి, ఉదరభారమంథరగమనుడు అయిన వర్నన్ పికెట్ నిలబడి ఉన్నాడు. పొయ్యిలో తెల్లవారుజాము నుంచి ఎద్దు రొమ్ముమాంసం, మావాళ్ళు బ్రిస్కెట్ అనేది, పెకాన్ అనే అక్రోటుజాతి చెట్టు కట్టెల పొగలో మగ్గుతోంది. ఈ కంకరనేల మీద ఆ పట్టకారు పట్టే హక్కు అతడికి తప్ప మరొకరికి లేదు. అతడు గొంతు సవరించుకున్నాడు. పక్క గుడారాల్లో రేడియోలు తగ్గాయి. దిగ్గజాల చెవులు అదిరేలా, మేఘగంభీరస్వనంతో అతడు సభనుద్దేశించి ఇలా పలికాడు:

"కోచ్‌ని పీకెయ్యాలి. అంతే."

ఆ వాక్కుకు ఎదురు పలకగల సాహసి మాలో ఒక్కడే. వర్నన్ భార్య లోరెట్టాకు తమ్ముడు, స్కూలు బస్సు డ్రైవరు, ఓడిపోయే పక్షం కోసమే పుట్టిన వకీలు డెల్‌బర్ట్.

"తొందరెందుకు బావా? బ్రానిగన్ వచ్చి మూడేళ్ళేగా అయింది. పాపం, టీమ్‌లో ఒక కల్చర్ తెద్దామని చూస్తున్నాడు. దానికి టైమ్ పడుతుంది."

"ఏం కల్చర్‌రా? గోడల మీద రాతలా? లాకర్ గదిలో 'ఇటుక మీద ఇటుక' అని రాయించాడు. టీషర్టుల మీదా అదే. ఆ ఇటుకల్లో ఒక్కటి తెచ్చి మన డిఫెన్స్ మధ్యలో నిలబెట్టినా, పోయిన వారం అవతలివాడు బంతితో అంత తేలిగ్గా దూరిపోయేవాడు కాదు."

"కుర్రాళ్ళు బుద్ధిగా క్లాసులకి వెళ్తున్నారు. ఒక్కళ్ళ మీదా పోలీసు కేసు లేదు."

"క్లాసులకి వెళ్ళేవాళ్ళని చూడాలంటే లైబ్రరీ ముందు వేసుకుందాం టెంటు. ఇక్కడెందుకు?"

సభ గొల్లుమంది. మేమందరం నవ్వాం, మాలో సగంమంది పోయినేడు ఆ టీషర్టులే కొనుక్కున్నవాళ్ళం, ఆ చలిలో కోట్ల కింద అవే తొడుక్కున్నవాళ్ళం కూడా. నవ్వు తెచ్చిన ఉత్సాహంతో విజృంభించిన వర్నన్, పట్టకారును గదాదండంలా భుజాన వేసుకుని, పతనమయ్యే కోచ్ లక్షణాలను లోకానికి బోధించాడు.

"ఏ కోచ్ నోట్లోంచైనా మూడు మాటలొచ్చాయా, వాడి పని అయిపోయినట్టే. గాలి ఎదురుగా ఉందంటాడు. సరుకు ఇంకా పచ్చిదంటాడు. వచ్చే ఏడాది చూడండంటాడు. ఇక గురువారం పేపరు చూశారా? కాలేజీ క్రీడల డైరెక్టరు ఏమన్నాడు? కోచ్ మీద నాకు సంపూర్ణ విశ్వాసం ఉంది, అన్నాడు." వర్నన్ ముఖం చంద్రబింబంలా వికసించింది. "మన ఫుట్‌బాల్లో సంపూర్ణ విశ్వాసం అంటే తెలుసుగా? సోమవారానికి కుర్చీ ఖాళీ చెయ్యమని. పెళ్ళాం 'నీ ఇష్టం' అన్నట్టే అది."

సరిగ్గా ఆ సమయంలో దారినపోయే దంపతులెవరో ఆగి, "ఏం వర్నన్, ఎలా ఉంది?" అన్నారు. వర్నన్ పొయ్యి మూత బార్లా ఎత్తాడు. శ్వేతధూమరాశి ఆకాశానికి ఎగసింది. దంపతులు "ఓహో" అన్నారు. వర్నన్ మూత దించాడు.

"ఇది ఎన్నోసారి, వర్నన్?"

ఆ ప్రశ్న బాణంలా వచ్చింది బీన్స్ గిన్నె పక్క నుంచి. వేసినది మార్లా గిఫర్డ్. పక్క ట్రక్కు యజమానురాలు, మితభాషిణి, ఎవరి వంటా మెచ్చుకోనిది, తన వంటతో సహా.

"ఏది ఎన్నోసారి, మార్లమ్మా?"

"మూత తీయడం. వచ్చినవాడికల్లా ఎత్తి చూపిస్తున్నావు. వేడి పోతోంది, తడి పోతోంది. నువ్వు కోచ్ గురించి చెప్పినవన్నీ విన్నాను. బాగా చెప్పావు. నీ బ్రిస్కెట్ గురించే చెప్తున్నావనుకున్నాను."

బీరు తాగుతున్నవాడు మింగడం మరిచాడు. బీన్స్ గిన్నెలో గరిట దానంతటదే ఒరిగింది.

"నా బ్రిస్కెట్‌కి ఏమైంది?" అన్నాడు వర్నన్.

"పోయిన వారం ఒక ముక్క మా కుక్కకి పెట్టాను. తీసుకెళ్ళి పాతిపెట్టింది," అంది మార్లా.

"బావా, నేను అబద్ధం చెప్పను," అన్నాడు డెల్‌బర్ట్, ఈసారి వకాలతు మార్చి. "నేను సాస్ తాగుతున్నాను. మాంసం దానికి నంచుకోవడమే."

"మీకేం తెలుసర్రా!" వర్నన్ గర్జించాడు. "ఈ గాలి చూడండి, సరిగ్గా పొయ్యికి ఎదురు. కట్టెలు చూడండి, ఈ ఏడాది వచ్చినవన్నీ పచ్చివి. ఎండితే ఆ రుచే వేరు. వచ్చే ఏడాది చూడం..."

అతడు ఆగిపోయాడు. మూడు మాటలూ అప్పటికే గాలిలో ఉన్నాయి. అందరం వాటినే చూస్తున్నాం.

అంతవరకు ఒళ్ళో గిన్నె పెట్టుకుని పెకాన్ కాయలు వొలుచుకుంటున్న సతీమణి లోరెట్టా, తల ఎత్తకుండా, భర్తను ఆదుకోబోయింది.

"ఎందుకర్రా ఆయన్ని అంతలేసి మాటలంటారు? నా మొగుడి మీద నాకు సంపూర్ణ విశ్వాసం ఉంది."

అశనిపాతం! వర్నన్ ముఖంలోని నెత్తురు మోకాళ్ళకు దిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. టైర్ల దుకాణం అమ్మేశాక, వారంలో మిగతా రోజులన్నీ వర్నన్‌ని ఎవరూ ఏమీ అడగరు. శనివారం మాత్రం ఈ కంకర మీద పదిమంది ఆగి "ఎలా ఉంది వర్నన్?" అంటారు. మూత ఎత్తి చూపడమే అతని జవాబు. పట్టకారు పోతే ఆ ప్రశ్నా పోతుంది. అది మా అందరికీ తెలుసు. తెలిసే తీర్పుకు కూర్చున్నాం.

అప్పుడా వీరుడు ఒక కాలు బీరుపెట్టె మీద మోపి, కుడిచేయి పైకెత్తి, అష్టదిక్పాలకులను సాక్ష్యానికి పిలిచినవాడై ప్రతిజ్ఞ చేశాడు.

"వినండి. ఈ మాంసం దింపేదాకా మూత తీస్తే నా పేరు వర్నన్ పికెట్ కాదు. కోశాక ఎండిపోయి ఉందా, ఈ పట్టకారు డెల్‌బర్ట్ చేతిలో పెట్టి, వాడు పెట్టింది నోరుమూసుకుని తింటా."

"నేనా?" డెల్‌బర్ట్ అదిరిపడ్డాడు. "నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు బావా!"

"కొత్తగా వచ్చేవాడికి వచ్చా రాదా అని ఎవరు చూస్తారు?" అంది మార్లా. "పాతవాడు పోవాలి. మనకి కావలసింది అదేగా."

ఇక ఆరంభమైంది ఆ ఘోరసంగ్రామం. ఒకవైపు ఒక్క మనిషి. మరోవైపు ఒక ఇనపమూత, దాని పిడి, ఆ పిడికి అలవాటుపడిన అతని కుడిచేయి. ముందు బ్యాండుమేళం వాళ్ళు వచ్చారు. "ఎలా ఉంది వర్నన్?" చేయి దానంతటదే లేచింది. వర్నన్ దాని మీద కూర్చున్నాడు. తరువాత చర్చి పాస్టరుగారు వచ్చి, వాసన పీల్చి, "దేవుడి పేర ఒక్కసారి చూపించవయ్యా," అన్నారు. పరలోకపు పలుకుబడికి సైతం లొంగక, వర్నన్ రెండో చేయిని కూడా తొడ కింద దోపుకున్నాడు. నిప్పు ఆరిందేమో అనే అనుమానం ఒకటి, కొవ్వు మాడిందేమో అనే భయం మరొకటి, కవలరాక్షసుల్లా అతని రెండు చెవుల్లో చేరి గుసగుసలాడాయి. ఆ చలిలో అతని నుదుట చెమట పోసింది.

అప్పుడు వచ్చాడు క్లిఫర్డ్ టాగర్ట్. కంచరగాడిదల నారింజరంగు టోపీ, అదే రంగు కోటు, అదే రంగు కుర్చీ భుజాన. పాతికేళ్ళు వర్నన్ దుకాణంలో పనిచేసి, ప్రతి శనివారమూ శత్రువైపోయే మిత్రుడు.

"ఏరా వర్నన్! పోయినేడు నువ్విచ్చిన ముక్కతో నా కుడిబూటుకి మడమ వేయించుకున్నాను. ఈసారి ఎడమదానికి కావాలి. మూత తియ్యి, కొలత చూసుకుంటా."

వర్నన్ తొడల కింది చేతులను ఇంకా గట్టిగా అదిమాడు.

"తియ్యవా? ఓహో, అర్థమైంది. లోపలేమీ లేదు. మీ కోచ్‌ది ఇటుకల గోడ, నీది ఇనపపెట్టె. రెండిట్లోనూ ఉన్నది ఒట్టి పొగే!"

వర్నన్ లేచాడు. భూమి కంపించినట్టయింది, కనీసం మడతకుర్చీ కంపించింది. ఒక్కొక్క అడుగే వేస్తూ పొయ్యి దగ్గరకు నడిచాడు. కుడిచేయి పిడిని పట్టుకుంది. మూత వెంట్రుకవాసి కదిలి, సన్నని పొగతీగ బయటికి పాకింది. డెల్‌బర్ట్ కళ్ళు మూసుకున్నాడు. నాలాంటివాళ్ళం, నిజం చెప్పాలంటే, తెరవాలనే కోరుకున్నాం. పొద్దుటి నుంచి మాకూ చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"ఏమయ్యా," అంది లోరెట్టా. "ఇలా వచ్చి ఈ కాయలు కాస్త వొలువు. నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

వర్నన్ పిడి వదిలాడు. వచ్చి, కుర్చీని పొయ్యికి వీపు పెట్టి తిప్పుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, శత్రువు కళ్ళలోకి సూటిగా చూస్తూ ఒక కాయ పగలగొట్టాడు. తరువాత మరొకటి. చేయికి పని దొరికాక అది మూత సంగతి మరిచింది. క్లిఫర్డ్ కాసేపు నిలబడి, రెండు పప్పులు నోట్లో వేసుకుని, దండెత్తి వచ్చిన యోధుడిలా కాక, చలికి ముక్కు కారుతున్న మామూలు మనిషిలా వెనుదిరిగాడు.

పొద్దు వాలింది. మాంసం దిగింది. రసం లోపలే ఇంకేలా తువ్వాలు చుట్టి, ఖాళీ మంచుపెట్టెలో నిద్రపుచ్చి, లేపి, బల్ల మీదకు తెచ్చారు. కత్తి లోరెట్టా పట్టింది, మాంసపు నారకు అడ్డంగా. మొదటి ముక్క పొడిపొడిగా రాలింది. రెండోది అంతే. మూడోదాన్ని డెల్‌బర్ట్ నమిలి, నమిలి, సాస్ సీసా కోసం దీనంగా చూశాడు. వర్నన్ పట్టకారు తీసి, తుడిచి, బావమరిది వైపు చాచాడు. డెల్‌బర్ట్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఆగండి," అంది మార్లా.

కత్తి కొవ్వుకొసకు చేరింది. అక్కడ తెగిన ముక్క అంచున ఒక బొట్టు నిలిచింది, మెరిసింది, జారింది. బల్ల మీద పడింది. మార్లా ఆ ముక్కను తీసుకుంది, వేలి మీద వేసింది, విరగలేదు, వంగింది. నోట్లో పెట్టుకుంది.

"తడిగా ఉంది," అంది.

అప్పుడు లేచిన సింహనాదానికి స్టేడియంలో వార్మప్ చేస్తున్న ఏదుపందులు తలలు తిప్పి చూశాయట. అందరం ఒకరినొకరం కావలించుకున్నాం. మిగతా మాంసమంతా ఎప్పటిలాగే తోలు. బాగుపడింది ఆ ఒక్క కొస. కొలిచాం: నాలుగు వేళ్ళ వెడల్పు.

"సరే. ఇంకో ఏడాది," అని తీర్పు చెప్పింది మార్లా, తన ట్రక్కు వైపు నడుస్తూ.

వర్నన్ పట్టకారును గుండెలకు హత్తుకున్నాడు. కళ్ళు ఒత్తుకున్నాడు. ఆటకు లోపలికి వెళ్ళే దారిలో డెల్‌బర్ట్ నెమ్మదిగా అడిగాడు:

"మరి బ్రానిగన్‌కి కూడా ఇంకో ఏడాది ఇద్దామా బావా?"

"వాడినా? పీకెయ్యాల్సిందే."

"అదేంటి? ఇప్పుడేగా నీకు..."

"నా సంగతి వేరురా. నేను నాలుగు వేళ్ళ మేర బాగుచేసి చూపించా. వాడు ఒక్క వేలు చూపించమను!"

ఆ సాయంత్రం కంచరగాడిదలు మమ్మల్ని ఎంత దారుణంగా తొక్కాయో, రెండో సగంలో మాలో ఎంతమంది ట్రక్కుల దగ్గరికి జారుకున్నారో చెప్పడం ఈ గాథకు అక్కరలేని పని. దిక్కులు వినుగాక! గాదెలు ప్రతిధ్వనించుగాక! డన్‌మోర్ కంకరనేల మీద, ఉత్తరపుగాలికి ఎదురుగా, పచ్చికట్టెల పొగలో, ఎద్దు రొమ్ము కొవ్వుకొసన, నాలుగు వేళ్ళ వెడల్పున తడి గెలిచింది!